మిరపకట్టె పొయ్యి, పక్కన గ్యాస్ బండ

ఈ సంక్రాంతికి ఊరెళ్ళినపుడు జరిగిన ఓ చిన్న సంగతి అప్పట్నుంచీ బుర్రలో తిరుగుతోంది. రాసేస్తే తప్ప వదిలేట్టు లేదు.

మా ఊరు పర్చూరుకీ చిలకలూరిపేటకీ మధ్య ఎక్కడో ఉంటుంది. నల్లరేగడి నేల. పత్తి, మిరప, ఒకప్పుడు పొగాకు, ఈమధ్య శనగ. ఉన్నచోటి నుంచి అంగుళం కదలకుండానే మా ఊరు మూడు జిల్లాలు చూసింది. 1970 దాకా గుంటూరు. ఆ ఏడు ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి పోయింది (1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు). 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల.

కనుమ మర్నాడు పొద్దున్నే పొలం నుంచి తిరిగొస్తూ పల్లెలో ఒకామె ఇంటి ముందు ఆగాను. (మావైపు పల్లె అంటే ఊరికి విడిగా ఉండే దళితవాడ. పట్నంవాళ్ళకి మొత్తం పల్లెటూరే గానీ, ఊళ్ళోవాళ్ళకి ఊరు వేరు, పల్లె వేరు. ఈ తేడా ముందు ముందు పనికొస్తుంది కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నాను.) ఆమె ముప్ఫయ్యేళ్ళుగా మా చేలో పత్తి తీసింది, మిరపకాయలు కోసింది. ఇప్పుడు అరవై దాటాయి. "ఎప్పుడొచ్చారు బాబూ? కూకోండి, టీ పెడతా" అంది. మా నాయనమ్మ బతికున్న రోజుల్లో నేను ఆ ఇంట్లో టీ తాగడమనేది జరిగే పని కాదు. అది వేరే కథ, వేరే సిగ్గు.

కాలనీ ఇల్లు. లోపల ట్యూబ్‌లైటు, ఫ్యాను, టీవీ. ఓ మూల గ్యాస్ బండ, దానిమీద మడతపెట్టిన తువ్వాలు, ముందు కుంకుమ బొట్టు. టీ మాత్రం బయట మూడురాళ్ళ పొయ్యి మీద కాగుతోంది, మిరపకట్టె మంటతో. ఇంటి వెనక చిన్న వామి వేసినంత కట్టె ఉంది. రెండు నిమిషాల్లో నాకు కళ్ళమ్మట నీళ్ళు.

"గ్యాసుంది కదా?" అన్నాను.

"ఉంది బాబూ. వానొచ్చినప్పుడూ, మనవళ్ళొచ్చినప్పుడూ ఎలిగిస్తా. రోజూ ఎలిగిస్తే ఎన్నాళ్ళొస్తది? అయిపోతే మళ్ళా ఒక్కసారే అంత డబ్బు ఏడ తెచ్చేది?"

హైదరాబాదు తిరిగొచ్చిన రెండో రోజు మా ఇంట్లో గ్యాస్ అయిపోయింది. ఫోన్లో రెండు నొక్కులు నొక్కాను, మర్నాడు బండ గుమ్మంలో ఉంది. అప్పుడు తట్టింది. ప్రభుత్వం లెక్కలో నేనూ ఆమే ఒక్కటే. 'కరెంటు ఉన్న ఇల్లు' దగ్గర ఇద్దరికీ టిక్కు. 'గ్యాస్ ఉన్న ఇల్లు' దగ్గరా ఇద్దరికీ టిక్కు.

నా పని డేటాబేసులతో. 'అవును', 'కాదు' అని రెండే విలువలు పట్టే కాలమ్ అంటే మావాళ్ళకి మహా ఇష్టం. దాచడం తేలిక, రిపోర్టు తియ్యడం తేలిక, పైవాళ్ళకి చూపించడం ఇంకా తేలిక. కానీ ఏ ప్రశ్నకి 'అవును' అన్నామో మర్చిపోయామా, ఆ కాలమ్ ఎంత పెద్ద అబద్ధమైనా చెబుతుంది. మా పత్తి, మిరప ఊళ్ళలో పొయ్యి చరిత్రా దీపం చరిత్రా చదువుతూ పోతే నాకు కనబడింది ఇదే. యాభై ఏళ్ళుగా మనం లెక్కపెడుతూనే ఉన్నాం. అడిగిన ప్రశ్నే తప్పు.

కట్టె ఊరికే రాదు

ముందు కట్టె సంగతి. పడమటి ప్రకాశానికి నల్లమల ఉంది గానీ మా నల్లరేగడి ఊళ్ళకి అడవి లేదు. వంటచెరకు పొలంలోంచే రావాలి. అన్నిట్లోకీ కందికట్టె మేలు. చప్పున అంటుకుంటుంది, నిలకడగా మండుతుంది. తరవాత పత్తికట్టె. ఆఖరున మిరపకట్టె. గబగబా మండి బూడిదైపోతుంది, పైగా కొమ్మకి ఎండుకాయ ఒక్కటి మిగిలిపోయినా ఇంటిల్లిపాదికీ దగ్గు. సీజనంతా కొట్టిన పురుగుమందు ఆ కట్టె మీద ఎంత మిగిలిందో పొయ్యి ముందు కూర్చున్నామెని ఎవరూ అడగలేదు. ఇవేవీ దొరక్కపోతే పిడకలు, కాలవగట్ల మీద చిల్లకంప (సర్కారు తుమ్మ అనేది దీన్నే).

పత్తి తీతలు అయిపోయాక చెట్లు పీకాలి. ఎండిన రేగట్లో పత్తిచెట్టు పీకడమంటే మామూలు పని కాదు, అరచేతులు బొబ్బలెక్కుతాయి. దానికి మా ఊళ్ళో ఓ పద్ధతుండేది. రైతు కూలి ఇవ్వడు. "చెట్లు పీక్కుని కట్టె పట్టుకుపోండి" అంటాడు. రైతుకి చేను బాగవుతుంది, కూలామెకి పొయ్యిలోకి కట్టె వస్తుంది. మా నాన్నా అలాగే చెప్పేవాడు. చిన్నప్పుడు నాకు అందులో ఏదో మంచితనం కనిపించేది... పాపం, కట్టె ఊరికే ఇచ్చేశామని. ఇప్పుడు ఆలోచిస్తే, చేను బాగుచేయించడానికి మేం ఏనాడూ పైసా ఖర్చుపెట్టలేదు. ఊరికే ఇచ్చింది మేం కాదు, వాళ్ళు.

1987-88లో తెల్లదోమ, మందుల అప్పులు కలిసి పత్తిని ముంచినప్పుడు ప్రకాశం జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా చర్చకొచ్చాయి. దూదిలేని చేలల్లో ఆ ఏడు తీత కూలి లేదు. కట్టె మాత్రం ఎప్పటిలాగే పండింది. రైతు బాధ గురించి అప్పట్లో ఎంతో కొంత రాశారు, రాయాల్సిందే. తీత కూలి పోయి, కట్టె పీకుడు మాత్రం మిగిలిన ఆడవాళ్ళ గురించి రాసింది నా కంటికి పెద్దగా కనబడలేదు.

ఓ లెక్క చెబుతాను. ఇది నా సొంత లెక్క, ఉజ్జాయింపు మాత్రమే. బండలో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. గ్యాస్ పొయ్యి మీద వేడిలో సగం పైగా గిన్నెకి చేరుతుంది. మూడురాళ్ళ పొయ్యి మీద పదో వంతు, మహా అయితే ఏడో వంతు. ఆ ప్రకారం ఒక్క బండ చేసే వంటకి దగ్గర దగ్గర రెండు క్వింటాళ్ళ కట్టె కావాలి. నెత్తిన మోపు పదిహేను, ఇరవై కిలోలనుకుంటే పది పన్నెండు మోపులు. నేను ఫోన్లో నొక్కిన రెండు నొక్కులు ఆమె వైపు నుంచి చూస్తే పది పన్నెండు మోపులన్నమాట. ఆ మోపులు ఏ బడ్జెట్ పుస్తకంలోనూ ఉండవు.

2000 తరవాత మావైపు బయోమాస్ కరెంటు ప్లాంట్లు వచ్చాయి. చిల్లకంప, పత్తికట్టె, మిరపకట్టె లారీల లెక్కన కొన్నారు. గట్టు మీది కంపకి ధర పలికేసరికి ఆ గట్టుకీ యజమాని పుట్టుకొచ్చాడు. ఆ తరవాత ట్రాక్టర్ వెనక రోటవేటర్ వచ్చింది. కట్టెని చేలోనే తునకలు చేసి దున్నేస్తున్నారు. నేలకి మంచిదే, గులాబీ పురుగు తగ్గడానికీ మంచిదే. కానీ కందికట్టె, పత్తికట్టె వాడిన పొయ్యి మిరపకట్టెకి దిగిపోయింది. పొగ పెరిగింది.

కరెంటొచ్చిన ఊరు

మా ఇంట్లో ఓ మాట గర్వంగా చెప్పుకునేవాళ్ళు. "మనూరికి అరవై తొమ్మిదిలోనే కరెంటొచ్చింది" అని. నేనూ కాలేజీలో నలుగురికీ చెప్పుకున్నాను.

ఆ రోజుల ఊపు అలాంటిది మరి. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కి నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలవలకి నీళ్ళు వదిలింది. కుడికాలవ గుంటూరు జిల్లాని తడిపి, తరవాత ప్రకాశమైన భూముల దాకా వచ్చింది. మాది చివరి భూముల బాపతు, అయినా అంతో ఇంతో అందింది. 1978లో డ్యాం దగ్గర పవర్‌హౌస్ మొదటి యూనిట్ తిరిగింది. 1979లో ఇబ్రహీంపట్నం దగ్గర విజయవాడ థర్మల్ మొదలైంది. తీగలూ స్తంభాలూ ఊళ్ళ మీదుగా పరిగెత్తాయి.

ఇంతకీ మా ఊరికి అరవై తొమ్మిదిలో వచ్చిన కరెంటు ఎవరింటికొచ్చింది? మా నాన్నని కూర్చోబెట్టి అడిగితే తేలింది. వడ్లమిల్లుకి, పది పన్నెండు ఇళ్ళకి, కొన్ని మోటార్లకి. పల్లెలో మొదటి బల్బు వెలిగింది ఆ తరవాత దాదాపు ఇరవై ఏళ్ళకి. మిల్లుకీ పల్లెకీ మధ్య మూడువందల గజాలుంటుందేమో.

ఇదేదో మా ఊరి పెద్దల నిర్వాకమే అనుకున్నాను. కొంత నిజమే. కానీ మిగతాది ఢిల్లీలో రాసిన ఓ నిర్వచనంలో ఉంది. 1997 దాకా మన దేశంలో 'విద్యుదీకరించిన గ్రామం' అంటే, ఆ గ్రామం రెవెన్యూ హద్దుల్లో ఎక్కడైనా, ఏ పనికైనా కరెంటు వాడుతుంటే చాలు. మళ్ళీ చదవండి. ఎక్కడైనా, ఏ పనికైనా. పొలంలో ఒక్క మోటారు తిరిగితే ఊరంతటికీ 'అవును'. 1997లో దాన్ని మార్చి, జనం నివసించే చోట కరెంటు ఉండాలన్నారు. 2004 ఫిబ్రవరిలో మళ్ళీ మార్చి, కనీసం పది శాతం ఇళ్ళకి ఉండాలి, బడి, పంచాయతీ ఆఫీసు లాంటివాటికి ఉండాలి, ట్రాన్స్‌ఫార్మరూ లైన్లూ దళితవాడకి కూడా వెయ్యాలి అన్నారు. స్వతంత్రం వచ్చిన 57వ ఏట పల్లె అనేదొకటి ఉందని ఆ నిర్వచనానికి తెలిసింది. అప్పుడైనా పదింట్లో ఒక్క ఇంటికుంటే చాలు, మిగతా తొమ్మిదిళ్ళు చీకట్లో ఉన్నా ఊరికి వెలుగే.

ఆనాటివాళ్ళని తిట్టడానికి ఇది రాయడం లేదు. 1965, 66 కరువు రోజుల్లో దేశానికి తిండిగింజలు కావాలి. నీళ్ళు తోడే మోటారే ముఖ్యమనుకున్నారు. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పెట్టినప్పుడూ ఆ ఆలోచనే ముందుంది. కాబట్టి మోటార్లు లెక్కపెట్టారు. పట్నంలో మాత్రం మొదట్నుంచీ ఇంటి మీటరు లెక్కపెట్టారు. ఒకచోట మనిషికి దీపం, ఇంకోచోట పొలానికి మోటారు. తేడా అక్కడే పడింది.

1988-89లో కుటీర జ్యోతి అని కేంద్రం ఓ పథకం పెట్టింది. పేదల ఇంటికి ఒక్క బల్బు. ఒక్కటంటే ఒక్కటే, ప్లగ్గు లేదు. మా పల్లెలో చాలా ఇళ్ళకి కరెంటొచ్చింది అలాగే. గుంటూరులో మా పిన్నివాళ్ళింట్లో అప్పటికే ఫ్రిజ్జుంది. ఇద్దరివీ 'కరెంటున్న ఇళ్ళే'.

కిరసనాయిలు కథ కూడా ఇంతే. రేషన్లో పట్నం కార్డుకి కోటా ఎక్కువ, పల్లెటూరి కార్డుకి తక్కువ. ఎందుకయ్యా అంటే, పట్నంలో పేదవాళ్ళకి కట్టె దొరకదు కాబట్టి స్టవ్ మీద వండుకోవాలి, పల్లెటూళ్ళో దీపానికి చాలు, వంటకి కట్టె ఉంటుందిగా అని. కట్టె ఊరికే వస్తుందన్న మా నాన్న మాటే సర్కారూ అంది.

మోటారుకి ముందు, బల్బుకి తరవాత

ఇక కరెంటు రాజకీయాలు అందరికీ తెలిసినవే. ఎన్టీఆర్ వచ్చాక వ్యవసాయ మోటారుకి హార్స్‌పవర్‌కి ఏడాదికి 50 రూపాయలన్నాడు. 1998లో సంస్కరణల చట్టం. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డుని రెండుగా చీల్చి జెన్‌కో, ట్రాన్స్‌కో చేశారు. 2000లో ఛార్జీలు పెంచారు. ఆ ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. 2004 మే 14న రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పెట్టాడు. మోటార్ల పాత బకాయిలూ రద్దయ్యాయి.

మాకూ మేలు జరిగింది, దాచేదేముంది. నాన్న పేరు మీద ఒక సర్వీసుంది. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకి వర్తించదని తరవాత నిబంధన పెట్టారు గానీ, పన్ను కట్టేది నేను, సర్వీసు నాన్నది. సాగర్ నీళ్ళు రాని ఏడు ఆ బోరే మిరపని కాపాడింది. రైతుకి ఉచిత కరెంటు దండగ అనే పట్నం మిత్రులతో నేను ఇప్పటికీ గొడవపడతాను. కరెంటు రాత్రి రెండింటికిస్తే టార్చిలైటు పట్టుకుని చేలోకెళ్ళి పాము కరిచి చచ్చినవాళ్ళూ, స్టార్టర్ షాక్ కొట్టి చచ్చినవాళ్ళూ ఉన్న జిల్లాలివి. ఆ 'ఉచితం' అంత ఉచితమేం కాదు.

కానీ ఇంకో ప్రశ్న ఉంది. సర్వీసు భూమి గలాయన పేరు మీద ఉంటుంది. మావైపు సాగులో పెద్ద భాగం కౌలుదే. కౌలుదారు ఆ మేలుని కౌలు రూపంలో తిరిగి కట్టేస్తాడు. భూమే లేనివాళ్ళ సంగతి? 2004లో నాన్న మోటారు బకాయి రద్దయింది. అదే రోజుల్లో పల్లెలో ఒక్క బల్బు బిల్లు బాకీపడ్డ ఇంటికి ఫ్యూజు పీకేసి పోయేవాళ్ళు. ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకి నెలకి 50 యూనిట్ల దాకా ఉచితం అన్నది 2013లో. దాన్ని 200 యూనిట్లు చేసింది 2019లో. మోటారుకి 2004, బల్బుకి 2013. మధ్యలో తొమ్మిదేళ్ళు.

2012 వేసవి గుర్తుందా? కరెంటు కరువు. కోతలకి ఓ వరస ఉండేది. హైదరాబాదులో అన్నిటికన్నా తక్కువ. తరవాత కార్పొరేషన్లు, మునిసిపాలిటీలు, మండల కేంద్రాలు. అట్టడుగున ఊళ్ళు, అక్కడ పగలంతా కరెంటు లేనట్టే. మెట్టు మెట్టుకీ గంటలు పెరుగుతాయి. ఆఫీసులో మాకు జనరేటరుండేది, కోత పడిందని తెలిసేదే కాదు. అదే రోజుల్లో ఊళ్ళో మా మేనకోడలు పదో తరగతి పరీక్షలకి కొవ్వొత్తి ముందు చదివింది. ఎవరికి ఎన్ని గంటల చీకటో పుట్టిన ఊరిని బట్టి ఉండేది.

గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోకెల్లా పెద్దదని మనం చెప్పుకుంటాం. దాని చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలు వందకి పైగా ఉన్నాయి. రంగు పోకుండా, ధర వచ్చేదాకా మిర్చి టిక్కీలు నెలల తరబడి చల్లగా పడుకుంటాయి. ఉండాల్సిందే, లేకపోతే రైతు కల్లంలోనే తెగనమ్ముకోవాలి. కానీ ఎండలో కాయ కోసి, కల్లంలో తాలుకాయ ఏరి, తొడిమలు తీసిన చేతులకి ఆ వేసవిలో ఫ్యాను గాలి లేదు. మిరపకాయకున్నంత చల్లదనం మిరపకాయ కోసినామెకి లేదు.

గ్యాస్ బండ

చివరికి బండ దగ్గరికొచ్చాం. 1980లలో గ్యాస్ కనెక్షన్ అంటే పెళ్ళిసంబంధమంత పని. ఏళ్ళ తరబడి వెయిటింగు. ఎంపీలకి కూపన్ల కోటా ఉండేది. బ్రాడీపేటలో ఉండే మా పిన్నికి అలాంటి కూపన్ మీదే వచ్చింది. గ్యాస్ మీద సబ్సిడీ కేంద్రానిది, అంటే దేశంలో అందరి డబ్బూ. వాడుకునేది ఎక్కువగా పట్నం. 2011 జనాభా లెక్కల్లో కూడా దేశం మొత్తమ్మీద పట్నాల్లో 65 శాతం ఇళ్ళు గ్యాస్ మీద వండుకుంటే, గ్రామాల్లో 11.4 శాతమే.

ఈ విషయంలో మన రాష్ట్రం నిజంగా ముందు నడిచింది, ఒప్పుకోవాలి. 1999 జులై 9న చంద్రబాబు ప్రభుత్వం దీపం పథకం మొదలుపెట్టింది. డ్వాక్రా సంఘాల్లో ఉన్న పేద ఆడవాళ్ళకి గ్యాస్ డిపాజిట్ ప్రభుత్వమే కట్టింది. కేంద్రం ఉజ్వల తెచ్చింది 2016 మే 1న, అంటే మనం పదిహేడేళ్ళు ముందు. మా పల్లెలో నేను టీ తాగిన ఇంటికి బండ వచ్చింది దీపంలోనే.

మరి పొయ్యి ఎందుకు ఆరలేదు? డిపాజిట్ సర్కారు కట్టింది గానీ, రెండో బండ డబ్బు ఆమే కట్టాలి. ఆమెకి కూలి రోజువారీ వస్తుంది, అదీ పనున్న రోజుల్లో. బండకి డబ్బు ఏకమొత్తంగా కావాలి. కట్టెకి డబ్బక్కర్లేదు, ఒళ్ళు చాలు. పథకం మాత్రం కనెక్షన్ ఇచ్చిన రోజే 'అవును' అని టిక్కు పెట్టేసుకుంది. ఆ బండ మళ్ళీ ఎప్పుడు నిండిందో ఆ కాలమ్‌కి తెలీదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఉజ్వల రావాలంటే ఇంట్లో అప్పటికి గ్యాస్ కనెక్షన్ ఉండకూడదు. మన దీపం ఇళ్ళలో ఉంది కదా! ఎప్పుడో ఒకసారి పడిన 'అవును' అడ్డమొచ్చింది. 2022లో కేంద్రం ఉజ్వల బండకి 200 రూపాయలు సబ్సిడీ ఇచ్చినప్పుడూ, 2023 అక్టోబర్లో 300 చేసినప్పుడూ, ముందుగా గ్యాస్ తీసుకున్న పేదలకి అది రాలేదు. తొందరపడి ముందు నడిచినందుకు జరిమానా అన్నమాట.

ఇక్కడ నా పట్నం మిత్రులకి ఓ సంగతి గుర్తుచేయాలి. 2012 సెప్టెంబర్లో కేంద్రం సబ్సిడీ బండలు ఏడాదికి ఆరే అంది. ఎంత రభస జరిగింది! 2013 జనవరిలో తొమ్మిదన్నారు, 2014లో పన్నెండన్నారు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్‌లో ఈరోజు 'ఉచితాల' మీద ఉపన్యాసాలిచ్చేవాళ్ళలో చాలామంది ఆనాడు ఆరు బండలు ఏ మూలకని గింజుకున్నవాళ్ళే. నేనూ గింజుకున్నాను. మరి మా పల్లెలో ఆ గొడవే లేదు. ఆమె ఏడాదికి వాడేది మూడు, నాలుగు. ఆరా, పన్నెండా అన్న యుద్ధమంతా మనకోసం మనం చేసుకున్నదే.

"ఎన్ని ఇచ్చినా వాళ్ళు కట్టెలే వాడతారండీ, అలవాటు, పైగా కట్టెల పొయ్యి రుచి" అనేవాళ్ళున్నారు. రుచి సంగతి నాకు తెలుసు, మా నాయనమ్మ పప్పుచారు కుంపటి మీదే చేసేది. కానీ ఆమె నాకు రుచి గురించి చెప్పలేదు. వానొస్తే, మనవళ్ళొస్తే వెలిగిస్తానంది. పిల్లలకి పొగ తగలకూడదని ఆమెకి తెలుసు. తనకి తగిలితే ఫరవాలేదనుకుంది, అంతే. అలవాటు అని మనం పిలిచేది చాలాసార్లు ఇలాంటి లెక్కే.

2024 నవంబర్ 1న రాష్ట్రంలో దీపం-2 మొదలైంది, ఏడాదికి మూడు బండలు ఉచితం. దీన్ని నేను పండగ కానుకల లెక్కలో వెయ్యను. ఈ చరిత్రలో మొదటిసారి మన ప్రభుత్వం కనెక్షన్‌ని వదిలి, నిండిన బండని లెక్కపెట్టింది. సరైన ప్రశ్నకి చేరడానికి పాతికేళ్ళు పట్టింది. అయినా మొదలుపెట్టిన పద్ధతి ఏమిటంటే, ముందు డబ్బు కట్టి బండ తీసుకోవాలి, తరవాత ఖాతాలో పడుతుంది. నాకైతే ఫోన్లో రెండు నొక్కులు. ఆమెకి మళ్ళీ అదే ప్రశ్న, ఒక్కసారే అంత డబ్బు ఏడ తెచ్చేది?

కాబట్టి నాకు తోచినది ఇది. ఊరికి తీగ వచ్చిందా, ఇంటికి బండ వచ్చిందా అని అడగడం మానాలి. నిన్న రాత్రి ఎన్ని గంటలు కరెంటుంది, ఈ నెల ఎన్ని పూటలు పొగలేకుండా వండారు, బండ అయిపోయాక మళ్ళీ ఎన్నాళ్ళకి తెచ్చారు అని అడగాలి. ఈ అంకెలు ఇప్పుడు కష్టం కూడా కాదు. ప్రతి బండ బుకింగూ, ప్రతి మీటరు రీడింగూ ఎక్కడో ఒక సర్వర్లో ఉంది. మావాళ్ళే రాశారు ఆ ప్రోగ్రాములు. అడిగేవాళ్ళు కావాలి.

సర్కారుకి చెప్పడం తేలిక. ఇంట్లో చెప్పడం చూడండి. ఆమె పొయ్యిలో మండుతున్నది కిందటేడు మా చేలో పీకిన మిరపకట్టే. రోటవేటర్ పెడితే గంటకింత అని ట్రాక్టరాయనకి మేం డబ్బిస్తాం, ఆమె పీకితే ఏమీ ఇవ్వం. నిన్న ఫోన్ చేసి, ఈసారి మిరపచెట్లు పీకినవాళ్ళకి కూలి లెక్కగట్టి ఇద్దాం నాన్నా, కట్టె ఎలాగూ వాళ్ళదే అన్నాను.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తరవాత అన్నాడు, "కట్టె ఊరికే పట్టుకుపోతున్నారుగా, మళ్ళీ కూలెందుకురా?"

మా ఇంట్లో ఇంకా వాదన నడుస్తోంది.